చెరువు మరమ్మతు: ఎస్టిమేట్‌లో రాని సంగతులు

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ ఊరి చెరువుకు మరమ్మతు నిధులు మంజూరయ్యాయి. పెద్దవాళ్ళేమో పాత పద్ధతి తెలుసుకోకుండా చెరువు మీద చెయ్యి వెయ్యొద్దంటున్నారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారేమో ఎస్టిమేట్‌లో ఉన్నది తప్ప ఇంకేదీ చెయ్యలేనంటున్నారు. వార్డు మెంబరుగా మీరు మధ్యలో నలిగిపోతున్నారు. సంప్రదాయ జ్ఞానం, సుస్థిరత అని మీటింగుల్లో వినే మాటలకు నేల మీద నిజంగా విలువ ఉందా, లేక అదంతా సెంటిమెంటేనా అన్నది మీ సందేహం.

నేను చిన్ననీటి పారుదలలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చెరువు కట్టల మీద తిరిగాను. ఇంజినీరు పక్షపాతం నాలో కొంత ఉంటుంది, ముందే చెబుతున్నాను. నా లెక్కలో విలువ ఉంది. అయితే మీ పెద్దవాళ్ళు చూపించే చోట సగమే ఉంది. కట్ట ఎంత వాలుగా వెయ్యాలి, తూము ఏ మట్టంలో పెట్టాలి అన్నవి ఇవాళ పుస్తకాల్లో దొరుకుతాయి. నీళ్ళు చాలని ఏడాది ఎవరు ఎంత వదులుకోవాలి, ఆ మాట అందరిచేత ఎవరు ఒప్పించాలి అన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు. చెరువు జ్ఞానంలో అసలు సరుకు అది. మన పథకాలు ఎన్నిసార్లు వచ్చినా మట్టిని బాగుచేసి దీన్ని వదిలేస్తున్నాయి.

మట్టి సంగతితోనే మొదలుపెడతాను, అక్కడ కూడా నేను నేర్పినదానికంటే నేర్చుకున్నదే ఎక్కువ కాబట్టి. ఉద్యోగంలో చేరిన మొదటి వానాకాలం. ఒక చెరువు నిండింది, కట్టకు పొలాల వైపున అడుగులో నీరు ఊరుతోందని కబురొచ్చింది. నేను వెళ్ళేసరికి చీకటి పడుతోంది. జనం బంకమట్టి, తట్టలు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. ఊట కనిపించిన చోట మట్టి కొట్టి మూసెయ్యమన్నాను. కొత్త ఉద్యోగం, కింద రెండు ఊళ్ళు, నాకు చచ్చేంత టెన్షన్. ఆ చెరువు నీరటి, అంటే తూము తెరిచి మూసే మనిషి, ఒక ముసలాయన. నాకు ఎదురు చెప్పలేదు. ఊట దగ్గర కూర్చుని దోసిట్లో నీళ్ళు పట్టి లాంతరు వెలుగులో నాకు చూపించాడు. "తేటగ వస్తున్నయి సారూ, రానియ్యండ్రి. మసకబారితే అప్పుడు జూద్దాం" అన్నాడు. ఇక రాత్రంతా అదే పని. ఇత్తడి చెంబులో ఊటనీళ్ళు పట్టడం, కాసేపు కదపకుండా ఉంచడం, నీళ్ళు మెల్లగా వంచేసి అడుగున మట్టి దిగిందేమో వేలితో రాసి చూడటం. తెల్లవారుజామున వేలికి సన్నటి మట్టి తగిలింది. అప్పుడు కూడా ఆయన బంకమట్టి వెయ్యనివ్వలేదు. ముందు ఇసుక పరిపించాడు, దాని మీద కంకర, దాని మీద రాళ్ళు. నీళ్ళు వస్తూనే ఉన్నాయి. మట్టి రావడం ఆగిపోయింది.

ఇందులో మాయ లేదు. మట్టికట్టలోంచి కొంత నీరు ఊరడం మామూలే. ఆ నీరు తనతో మట్టిని లాక్కొస్తేనే ప్రమాదం. లోపల సొరంగంలా తొలుచుకుంటూ పోయి బుంగ పడుతుంది, బుంగ గండి అవుతుంది. బయటి నుంచి బంకమట్టితో బిగించేస్తే లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. ఇసుక, కంకర, రాళ్ళ వరసను కాలేజీలో మాకు ఇన్వర్టెడ్ ఫిల్టర్ అని చెప్పారు. పరీక్షలో బొమ్మ గీసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రాత్రి ఒక్క ముక్క గుర్తురాలేదు. అందుకే సైన్సా, సంప్రదాయమా అని ఎవరైనా వాదన పెట్టుకుంటే నాకు అంతగా ఎక్కదు. కట్ట విషయంలో రెండూ చాలావరకు ఒకే మాట చెబుతాయి. తేడా ఎక్కడంటే, ఆయన ఆ వానాకాలమంతా ఆ కట్ట మీదే ఉన్నాడు. నేను మర్నాడు పొద్దున ఇంకో మండలంలో ఉన్నాను.

పూడికతీతలోనూ మీ పెద్దవాళ్ళ మాట వినాల్సినవి ఒకటి రెండు ఉన్నాయి. ఎస్టిమేట్‌లో ఇన్ని వేల క్యూబిక్ మీటర్లు అని ఉంటుంది. ఎక్కడ తవ్వాలన్నది పనిలో దిగాక పొక్లెయిన్ డ్రైవరు చేతిలోకి పోతుంది. ట్రాక్టర్లు తేలిగ్గా ఎక్కి దిగే చోటు చూసుకుని, కట్ట పక్కనే బకెట్ దించుతాడు. అక్కడ ఏళ్ళ తరబడి పేరుకున్న మెత్తటి ఒండ్రు చెరువు అడుక్కి పూత లాంటిది. దాన్ని గీకేస్తే నీరు కట్ట కిందుగా దారి వెతుక్కుంటుంది. కట్ట అడుగు నుంచి బాగా ఎడంగా తవ్వమని మా కోడ్‌లోనూ ఉంది, ఊళ్ళోనూ చెబుతారు. రెండోది లోతు. తూము అడుగు మట్టం కంటే కిందికి తవ్విన గొయ్యిలో నిలిచిన నీళ్ళు కాలువలోకి ఎక్కవు. పశువులకు, చేపలకు, చుట్టుపక్కల బోర్లకు పనికొస్తాయి, పొలానికి పారవు. అలా తవ్వడం తప్పనను. కానీ ఏం కావాలో తేల్చుకుని తవ్వాలి. చెరువు సామర్థ్యం ఇంత పెరిగిందని శిలాఫలకం మీద చెక్కించి, చివరి మడికి చుక్క రాకపోతే ఆ రైతుకు ఎవరు జవాబు చెబుతారు?

తవ్వి తీసిన మట్టి సంగతి రైతులకు మీరూ నేనూ చెప్పనక్కర్లేదు. ఎర్ర చెల్కల్లో, ఇసుక నేలల్లో వేసుకుంటే తేమ నిలుస్తుంది. నల్లరేగడికి పెద్దగా ఉపయోగం లేదు. తెల్లగా ఉప్పు తేలిన చోటి మట్టి మాత్రం వేసుకోకూడదు, అంతే.

ఇప్పుడు అసలు విషయం. క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి మీరు వినే ఉంటారు, కడప జిల్లాలో ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి నుంచి పాలిస్తూ ఆ చెరువు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని శాసనం లెక్క చెబుతుంది. 2020లో ఐసీఐడీ, అంటే అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్, దాన్ని వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. సర్వీసులో ఉండగా ఆ శాసనం అనువాదాన్ని నేను పనిగట్టుకుని చదివాను. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు అని విడివిడిగా చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గర్లో రాతిగని ఉండాలి, కట్ట మరీ పొడవు కాకుండా బలంగా ఉండాలి, పని తెలిసిన మనుషులు ఉండాలి, ఇలా సాగుతాయి ఆ పన్నెండూ. ఏ ఇంజినీరైనా సరే అని తలూపుతాడు.

ఆ ఆరు దోషాల దగ్గర నేను ఆగిపోయాను. కట్ట కారడం, చౌడు నేల, చెరువు నడుమ మిట్ట. ఈ మూడూ నేలకు సంబంధించినవి. తక్కిన మూడు చూడండి. నీరు కొంచెమై పారాల్సిన నేల ఎక్కువ కావడం. నీరు ఎక్కువై నేల కొంచెం కావడం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. సరిహద్దు చెరువుకు కట్టా తూమూ ఎంత బాగున్నా లాభం లేదని ఆ రోజుల్లోనే రాసి పెట్టారు. ఎందుకంటే ఎండిన ఏడాది తగువు తీర్చే చావడి ఒకటి ఉండదు.

మీ చెరువు ఏ రెండు రాజ్యాల మధ్యా లేదు కదా అనుకోకండి. నేల రెవెన్యూ శాఖది. కట్ట, తూము, అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే చోటు) నీటిపారుదల శాఖవి. చేపలు మత్స్య సహకార సంఘానివి. కట్ట మీది చెట్లు వేలం వెయ్యాలంటే పంచాయతీ. పై నుంచి వచ్చే కాలువ ఇంకో ఊరి పరిధి. నా లెక్కలో ఒక్కో చెరువూ నాలుగైదు రాజ్యాల సరిహద్దు మీద కూర్చుని ఉంది. ఇక తగువుల సంగతి. రైతుకు నీళ్ళు దించాలి. చేపల సంఘానికి దించకూడదు. శిఖం భూముల్లో, అంటే చెరువు లోపలి నేలలో, సాగుచేసుకునేవాడికి చెరువు నిండకపోతేనే మేలు. ఆయకట్టు రైతుకు అలుగు ఇంకో అడుగు లేస్తే బాగుండనిపిస్తుంది. వీళ్ళలో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. ఒక్కొక్కరూ ఒక్కో ఆఫీసుకు అర్జీ పెట్టుకుంటారు, ఒక్కో ఆఫీసూ తన ఫైలు ప్రకారం సరైన జవాబే ఇస్తుంది.

ఈ చెరువు వ్యవహారమంతా ఒకప్పుడు ఎలా నడిచిందో చెబుతాను. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి అంటారు. తూము తెరవడం, మూయడం ఆయన ఒక్కడి పని. రైతు ఎంత పెద్ద మోతుబరి అయినా తూము మీద చెయ్యి వెయ్యడం తప్పు. ఆయనకు జీతం ఉండేది కాదు. ఆయకట్టు కింద కోత కోసినప్పుడు ప్రతి రైతూ ఎకరానికి ఇంత అని గింజలు కొలిచేవాడు. దీన్ని కొంచెం నిదానంగా ఆలోచించండి. చివరి మడి ఎండితే ఆ రైతుతో పాటు నీరటి గింజలూ పోతాయి. అంటే తూము దగ్గరి పెద్ద రైతును మంచి చేసుకుని చివరివాణ్ణి ఎండబెడితే ఆయనకే నష్టం. ఏ సూపర్‌విజనూ అక్కర్లేకుండా, నీళ్ళు చివరిదాకా పోవాలన్న కోరిక ఆయన కంచంలోనే పెట్టారు. మేం తర్వాత ఆ పనికి పెట్టిన లస్కర్‌కు నెలజీతం. చివరి మడి పండినా ఎండినా అంతే వస్తుంది.

రెండోది తైబందీ. యాసంగి ముందు చెరువులో ఎంత నీరుందో చూసుకుని, ఎన్ని ఎకరాలకు, ఏ పంటకు, ఏ వైపు ఇవ్వాలో ఊరు కూర్చుని తేల్చుకోవడం. నేను చూసిన ఒక ఊళ్ళో తూము రాతిస్తంభం మీద గాట్లు ఉండేవి. ఏ గాటు దాకా నీరుంటే ఎంత నేల అన్నది అందరికీ నోటికి తెలుసు. కాబట్టి వాదన నీళ్ళెన్ని అన్నదాని మీద కాదు, ఎవరికి అన్నదాని మీదే. కొన్ని ఊళ్ళలో ఒక ఏడాది కుడి కాలువ, మరుసటి ఏడాది ఎడమ కాలువ. కొన్నిచోట్ల ప్రతి రైతూ తన పొలంలో సగమే నాటుకోవాలి. ఇంకా ముందుకు పోయిన ఏర్పాటు శ్రీలంకలో ఉంది, బెత్మ అంటారు. కరువు ఏడాది చెరువు దగ్గరి నేలను ఆ పంటకాలం వరకు అందరూ పంచుకుని సాగుచేస్తారు, పట్టా ఎవరిదన్నది పక్కనపెట్టి. మన దగ్గర దీన్ని చట్టంగా పెడితే కోర్టుల్లో ఎన్ని కేసులు పడతాయో ఊహించండి.

ఇది ఎలా పోయింది? ఒక్కరోజులో పోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఊరి శ్రమదానంగా నడిచిన మరమ్మతును 1858లో నిర్బంధ శ్రమ చట్టం కిందికి తెచ్చారు. తనంతట తాను చేసే పని జరిమానా భయంతో చేసే పని అయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1950ల్లో ఇనాములు (మాన్యం భూములు) రద్దయ్యాయి. రద్దు కావలసినవే, అందులో నాకు అనుమానం లేదు. కానీ చెరువు బాగోగులు చూసినందుకు ఇచ్చిన దశబంధ ఇనాముల్లాంటివి కూడా ఆ గంపలోనే పోయాయి, వాటితో ముడిపడిన పని ఎవరికీ అప్పగించకుండా మిగిలిపోయింది. 1997లో ఉమ్మడి రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో చాలాచోట్ల సంఘం అంటే కాంట్రాక్టు పనులకు సంతకం పెట్టే కమిటీగా మిగిలింది. నీరటి, మస్కూరి వంటి పాత గ్రామ సేవకుల పదవులు వీఆర్ఏల్లో (గ్రామ రెవెన్యూ సహాయకుల్లో) కలిసిపోయాయి. 2023లో తెలంగాణలో వీఆర్ఏ వ్యవస్థను కూడా రద్దు చేసి వాళ్ళను రకరకాల శాఖల్లో సర్దారు. వాళ్ళ బతుకులకు అది మేలే.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ మాత్రం బోరుబావి. సొంత బోరు, దానికి ఉచిత కరెంటు ఉన్న రైతు తైబందీ మీటింగుకు ఎందుకొస్తాడు? ఊళ్ళో బలమైనవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వెళ్ళిపోయాక ఆ చావడిలో బోరు వేసుకోలేనివాళ్ళే మిగిలారు, వాళ్ళ మాట తూము దాకా పోదు. అనంతపురం వైపు కొన్నిచోట్ల తూములు మూసేసి చెరువును ఇంకుడు చెరువుగా మార్చుకున్నారు, బోర్లు బతకడానికి. నీటి లెక్కలో అది తెలివిమాలిన పని కాదు. ఎండాకాలంలో నిండు చెరువు మీంచి ఆవిరైపోయేదాని కంటే ఇంకిందే నయం. కానీ బోరు లేనివాడి వాటా ఆ రోజుతో ఆవిరి.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. ఒకదాని మిగులు నీరు కిందిదానికి చేరే చెరువుల గొలుసుకట్టు ఒకటి, అందులో మధ్య చెరువు. ఆయకట్టు రైతులు అలుగు ఎత్తు పెంచమని పట్టుబట్టారు. లెక్కలు వేశాను. ముంపు కొంచెమే, కట్ట తట్టుకుంటుంది, నీరు బాగా పెరుగుతుంది. అడుగున్నర లేపాం. కాగితం మీద తప్పేమీ లేదు, నాకు మెచ్చుకోలు కూడా దక్కింది. తరువాతి రెండేళ్ళు వానలు అంతంతమాత్రం. ఆ చెరువు నిండింది గానీ అలుగు పారలేదు. కింది చెరువుకు చుక్క దిగలేదు. మూడో ఏడు కింది ఊరివాళ్ళు రాత్రిపూట గునపాలతో వచ్చి నేను కట్టించిన అలుగు పగలగొట్టారు. కేసులయ్యాయి. విచారణకు వెళ్తే కింది ఊరి పెద్దాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, ఆ పాత అలుగు ఎత్తు ఏ ఇంజినీరో పెట్టింది కాదనీ, తాతల కాలంలో రెండు ఊళ్ళు కొట్టుకుని, రాజీపడి, ఒక రాయి పాతుకుని తేల్చుకున్న ఎత్తనీ చెప్పాడు. ఆ రాయి నేనే తీయించాను, రాళ్ళకట్టుబడిలో వాడేశాం. నా ఎస్టిమేట్‌లో అది "పాత రాయి, తిరిగి వాడదగినది" అని ఉంది.

నేను అంటున్న సంప్రదాయ జ్ఞానం ఆ రాయి లాంటిది. చూస్తే ఏమీ తెలియదు. అడిగితే తెలుస్తుంది, అదీ కింది ఊళ్ళో అడిగితేనే. మీ ఊళ్ళో అడిగితే ఎత్తు పెంచమనే అంటారు.

విధానాల మాట కూడా అడిగారు కాబట్టి రెండు ముక్కలు. చట్టాలు సంప్రదాయ జ్ఞానం అనగానే వాటి కళ్ళకు ముందు కనిపించేది మందుల చిట్కా. దానికి కారణం ఉంది. పసుపు గాయాలు మాన్పుతుందన్నదాని మీద 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు, మనవాళ్ళు పాత గ్రంథాలు చూపించి 1997లో రద్దు చేయించారు. ఆ దెబ్బకు 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ మొదలైంది. 2002లో జీవవైవిధ్య చట్టం కూడా వచ్చింది. దొంగతనం ఆపడానికి అవన్నీ కావలసినవే. కానీ ఆ చూపులో జ్ఞానం అంటే రాసి బీరువాలో దాచుకోదగిన వస్తువు. చెరువును ఎవడూ పేటెంట్ చేసుకోడు. దాని జ్ఞానాన్ని రాసి దాచినా లాభం లేదు, ఏటా వాడితేనే ఉంటుంది. రాయి ఎత్తు నేను రిజిస్టరులో రాసిపెట్టి ఉంటే మాత్రం పనికొచ్చేది, అది ఒప్పుకుంటాను.

తెలంగాణ ప్రభుత్వ చెరువుల మరమ్మతు పథకం మిషన్ కాకతీయ మీద నా అభిప్రాయం మిశ్రమం. 2015 మార్చిలో మొదలైంది, 46 వేలకు పైగా చెరువుల్ని లెక్కలోకి తీసుకుంది. తవ్వే ఖర్చు ప్రభుత్వం పెట్టుకుని, మట్టి తోలుకునే ఖర్చు రైతుకు వదలడం మంచి ఆలోచన. అవసరం లేని మట్టి ఎవడూ సొంత డీజిల్ పోసి తోలుకోడు కదా. చాలా చెరువుల్లో నీరు నిలిచింది, కళ్ళారా చూశాను. అయితే పని పూర్తయిన బోర్డు పెట్టిన మర్నాటి నుంచి ఆ తూము ఎవరిది అన్న ప్రశ్నకు పథకంలో జవాబు లేదు. చెరువును విడిగా తీసుకుని ఎస్టిమేట్ వేశారు. పై చెరువు, కింది చెరువు వేర్వేరు విడతల్లో పడితే గొలుసు ఎక్కడ తెగిందో ఎవరికీ పట్టదు.

పాతకాలాన్ని నేను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. నీరటి ఎందుకు పక్షపాతం లేకుండా ఉండేవాడో తెలుసా? చాలాచోట్ల ఆయనకు ఆ ఆయకట్టులో సెంటు భూమి ఉండేది కాదు కాబట్టి. ఎందుకు లేదంటే, ఎక్కువ ఊళ్ళలో ఆ పని దళితులకు అప్పగించారు కాబట్టి. రాత్రంతా కట్ట మీద కాపలా ఉన్నవాడికి పొద్దున ఊరి బావిలో నీళ్ళు తోడుకునే హక్కు లేదు. తైబందీలో మాట్లాడేది భూమి ఉన్నవాళ్ళే, ఆడవాళ్ళు ఆ దరిదాపుల్లో కనిపించేవారు కాదు. ఆ ఏర్పాటును ఉన్నదున్నట్టు తిరిగి తేవాలనేవాళ్ళు తమ పిల్లల్ని నీరటిగా పంపుతారేమో ముందు అడగండి. నేను తీసుకోమనేది అందులోని లెక్కను. తూము తిప్పేవాడి సంపాదన చివరి మడికి ముడిపడి ఉండటం, నీటి మట్టం అందరికీ కనబడేలా ఉండటం, ఎత్తులు రెండు ఊళ్ళ ఒప్పందంతో ఉండటం. వీటికి కులం అక్కర్లేదు.

పెద్దవాళ్ళకు తెలియనిది కూడా ఒకటుంది, కుండపోత. గొలుసుకట్టు నీటిని పంచుతుంది, అలాగే ప్రమాదాన్నీ పంచుతుంది. పైది తెగితే ఆ నీరంతా కింది దాని మీద పడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ వరదలో ఎగువన 200కు పైగా చెరువులు తెగాయి, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో అప్పా చెరువు, పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగాయి. అలుగు పొడవు పాతకాలంలో అనుభవంతో పెట్టారు, మేం రైవ్స్ ఫార్ములాతో, అంటే నీరు వచ్చి చేరే నేల విస్తీర్ణం నుంచి వరదను అంచనా కట్టే సూత్రంతో, వేశాం. రెండూ గతంలో పడిన వానల లెక్కే. పైన పొలాలు పోయి ప్లాట్లు, రోడ్లు వచ్చిన చోట అదే వానకు చెరువులోకి వచ్చే నీరు ఎక్కువ, వచ్చే వేగమూ ఎక్కువ. ఇక్కడ "మా తాతల నాటి నుంచి ఈ అలుగు ఇంతే" అన్న మాట వినకండి. ఏఈ గారిచేత కొత్తగా లెక్క వేయించండి. ఆయన పని అదే.

ఇక మీరు చెయ్యగలిగింది. పని మొదలుకాకముందు ఏఈ గారినీ, తూము సంగతి తెలిసిన ఒకరిద్దరినీ తీసుకుని పై చెరువు అలుగు నుంచి కింది చెరువు దాకా ఒకసారి కాలినడకన వెళ్ళండి. సగం రోజు పని. కాలువ ఎక్కడ పూడింది, ఎక్కడ ఎవరు కలుపుకున్నారు అన్నది కట్ట మీద నిలబడితే కనిపించదు. మీది కోస్తా, సీమ జిల్లా అయితే పాత మద్రాసు రోజుల ట్యాంక్ రిస్టోరేషన్ స్కీమ్ మెమోయిర్ ఆఫీసులో ఉందేమో అడగండి. టీఆర్ఎస్ మెమోయిర్ అంటారు, పార్టీకీ దానికీ సంబంధం లేదు. 1883లో మొదలైన ఆ పనిలో ఒక్కో చెరువుకూ అలుగు మట్టం, ఆయకట్టు, తూములు రాసి పెట్టారు. తెలంగాణ అయితే గ్రామ నక్షా, రెవెన్యూ రికార్డులు చూడండి. ఇప్పుడున్న అలుగు మట్టం, తూము మట్టం రెండూ సర్వే చేయించి, చెరిగిపోని చోట చెక్కించి, ఆ అంకెలు పంచాయతీ తీర్మానంలో రాయించండి. తూము దగ్గర నీటి మట్టం చూపే గేజ్ రాయి పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు, ఎస్టిమేట్‌లో చిల్లర పనుల కింద సర్దుతారు. గేజ్ మీద అంకెలు తెలుగులో, దూరానికి కనబడేంత పెద్దవిగా రాయించండి.

తూము తిప్పే మనిషిని ఎవరు పెట్టుకోవాలన్నదాని మీద ఊళ్ళో గొడవ అవుతుంది, తప్పదు. కొంత నెలజీతం, కొంత పంట చివర ఎకరానికి ఇంత అన్న పద్ధతి ఒకటి రెండు చోట్ల నడవడం చూశాను. చేపల సంఘం కూడా అందులో వాటా వేస్తే, ఎండాకాలంలో కనీసం ఇంత నీరు ఉంచాలన్న వాళ్ళ కోరికను ఊరు వింటుంది. లేదంటే వినదు. బోర్లున్నవాళ్ళను కూడా మీటింగుకు పిలవండి. వాళ్ళ బోర్లలో నీళ్ళు ఆ చెరువువేనని వాళ్ళకీ తెలుసు, ఎవరూ అడగక చెప్పరు.

ఇవన్నీ తర్వాత. రేపు పొద్దున ఒకసారి అలుగు దాకా వెళ్ళి, దాని మీద ఇసుక బస్తాలు వేసి ఉన్నాయేమో చూడండి. ఉంటే మీవాళ్ళే రాత్రిపూట వేసి ఉంటారు. ఎస్టిమేట్ సంగతి పక్కనపెట్టి ముందు కింది ఊరి సర్పంచికి ఫోన్ చెయ్యండి.